తడి గాలిలో ఒక ఎమో రికార్డును కాపాడుకునే పద్ధతి

పర్లాకిమిడిలోని మా ఇంట్లో రెండు తరాల గ్రామఫోన్ ప్లేట్లు ఒకే బీరువాలో ఉన్నాయి. కింది అరలో పెదనాన్నగారి కాలంనాటి, లక్కతో చేసిన ప్లేట్లు, పై అరలో నేను ఒక్కొక్కటిగా కూడబెట్టుకున్న వినైల్ అనే ప్లాస్టిక్ రికార్డులు. వీటిలో నాకు ప్రాణంతో సమానమైనది, అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రానికి చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ అనే ముగ్గురి బృందం తన పేరుతోనే 1999లో పాలీవినైల్ సంస్థ ద్వారా తెచ్చిన ఎమో ఆల్బం. అర్బానా పట్టణంలోని ఒక మామూలు ఇంటి పైభాగమే దాని అట్టమీది బొమ్మ.

1980ల నడుమ వాషింగ్టన్ డి.సి.లోని, వేగంగా హోరుగా వాయించే హార్డ్‌కోర్ పంక్ బృందాల నుంచి పుట్టి, మనసులోని బాధను దాచకుండా పాడటమే తన గుణంగా చేసుకున్న సంగీతం ఎమో. ఈ ఆల్బంలో ఆ బాధ కేకగా రాదు. గిటారు తీగలు విడివిడిగా, తేటగా మోగుతాయి. వాటి నడుమ ఖాళీ ఉంటుంది. హోరుగా సాగే పాటలో కలిసిపోయే చిటపట ఈ ఖాళీలో స్పష్టంగా వినిపిస్తుంది కనుక, ఇలాంటి రికార్డుకు మిగతావాటికంటే ఎక్కువ శ్రద్ధ కావాలి.

మన గజపతి, రాయగడ, గంజాం జిల్లాలలో ముందుగా జాగ్రత్తపడవలసింది దుమ్ము విషయంలో కాదు, తేమ విషయంలో. రికార్డులకు గాలిలో తేమ 40 నుంచి 50 శాతం ఉంటే మంచిది. ఇక్కడ వానాకాలంలో అది 80 శాతం దాటడం మామూలే. వినైల్‌కు తేమవల్ల నేరుగా పెద్ద హాని లేకపోయినా, అట్టకూ లోపలి కాగితపు సంచికీ బూజు పట్టి, అది రికార్డు మీద ముల్లు నడిచే సన్నని గాడులలోకి దిగుతుంది. కాబట్టి కాగితపు సంచి తీసివేసి మెత్తటి పాలిథిన్ సంచి వాడండి. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్ తొడుగులను మాత్రం దగ్గరికి రానీయకండి. ఏళ్ల తరబడి తాకుతూ ఉంటే అవి రికార్డు మీద చెరగని మసక మిగులుస్తాయి. బీరువాను గోడకు జానెడు దూరం జరిపి, రికార్డులను నిటారుగా, వాలిపోకుండా నిలబెట్టండి. ఒకదానిమీద ఒకటి పేర్చితే ఆ బరువుకు వంగుతాయి. కలరా ఉండలు వేయకండి; ఆ వాసన అట్టకు పడితే వదలదు.

ఈ మాటలు నేను నష్టపోయి నేర్చుకున్నవి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా బీరువా వెనుక గోడ నానిపోయింది. కరెంటు లేని ఆ రోజుల్లో బియ్యం, బట్టలు చూసుకున్నాం గాని పై అర ఎవరికీ గుర్తు రాలేదు. వారం తరువాత ఆ ఎమో ఆల్బం అట్టను చేతిలోకి తీసుకుంటే కింది అంచు మెత్తబడి, లోపల తెల్లటి చుక్కలు ఉన్నాయి. మీకూ అలా జరిగితే మొదట రికార్డును అట్టనుంచి వేరుచేయండి. అట్టను ఎండలో పెట్టకుండా, అచ్చులేని తెల్ల కాగితాలు లోపలా బయటా ఉంచి, పైన తేలికపాటి బరువు పెట్టి, కాగితాలు మారుస్తూ నీడన ఆరనివ్వండి. వార్తాపత్రిక వాడితే సిరా అంటుకుంటుంది. పూర్తిగా ఆరాక ముక్కుకు గుడ్డ కట్టుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో బూజు దులపండి. నా అట్ట మీద గోధుమరంగు గీత ఒకటి మిగిలిపోయింది.

రికార్డు కడగడానికి బోరు నీళ్లు పనికిరావు. ఆరిన తరువాత వాటిలోని లవణాలు గాడులలో మిగులుతాయి. బ్యాటరీ దుకాణంలో దొరికే డిస్టిల్డ్ వాటర్‌లో వాసనలేని గిన్నెల సబ్బు ద్రవం రెండు చుక్కలు కలిపి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి పోయే దారిలోనే గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. నడిమి లేబుల్ తడవకూడదు. తరువాత వట్టి డిస్టిల్డ్ వాటర్‌తో మళ్లీ తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి ఆరబెట్టండి. కొందరు ఇందులో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలుపుతారు. పెద్దల ప్లేట్లు ఉన్న ఇంట్లో ఆ సీసా ఉండకపోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఆల్కహాల్ లక్కను కరిగిస్తుంది.

ఇక ముల్లు సంగతి. పెదనాన్నగారు ప్లేటు ఒక వైపు పాడగానే ఉక్కు ముల్లు మార్చేవారు. ఇప్పటి ముల్లు వజ్రం కనుక అది అరగదని చాలామంది అనుకుంటారు, కాని సాధారణంగా 500 నుంచి 1,000 గంటలలో అదీ అరుగుతుంది. అరిగిన ముల్లు గాడిని కోస్తుంది. ముల్లు గాడిని నొక్కే బరువును, ముల్లును పట్టి ఉంచే భాగమైన కార్ట్రిడ్జి తయారీదారు చెప్పిన మేరకు చిన్న త్రాసుతో కొలిచి పెట్టండి. ఎక్కువ కార్ట్రిడ్జిలకు అది 1.5 నుంచి 2.5 గ్రాముల మధ్య ఉంటుంది. మరీ తగ్గించినా చేటే, ముల్లు గాడిలో ఎగిరిపడుతుంది.

అరుగుదలను చెవితో పట్టుకోవాలంటే రెండో వైపు చివరి పాట వినండి. నిమిషానికి 33⅓ సార్లు తిరిగే పన్నెండంగుళాల రికార్డులో, బయటి అంచున సెకనుకు సుమారు 50 సెంటీమీటర్ల గాడి ముల్లు కింద సాగితే, లేబుల్ దగ్గర సుమారు 21 సెంటీమీటర్లే సాగుతుంది. అంటే అంతే ధ్వని అక్కడ తక్కువ చోటులో ఇరుక్కుని ఉంటుంది. ఈ ఆల్బం సరిగ్గా ఆ చోటనే, మాటలు లేని పాటలో, వర్లిట్జర్ అనే ఎలక్ట్రిక్ పియానోకు తోడుగా ట్రంపెట్ వినిపిస్తూ ముగుస్తుంది. ఆ ట్రంపెట్ తేటగా రాకుండా బొంగురుపోయినట్లు వినిపిస్తే ముందు ముల్లుకు పట్టిన మురికి దులపండి, అప్పటికీ అలాగే ఉంటే బరువు, కార్ట్రిడ్జి అమరిక సరిచూడండి, దానితోనూ కుదరకపోతే ముల్లు మార్చండి.

విలువైనదని రికార్డును మూసిపెట్టవద్దు. వానాకాలంలో పక్షానికొకసారి బయటికి తీసి, పొడి చేతులతో అంచులు పట్టుకుని, పాడించి, అట్ట లోపల చూసి పెట్టండి. నేను ప్రతిసారీ ఎన్ని గంటలు పాడించానో ఒక చీటీ మీద పెన్సిలుతో రాసి టర్న్‌టేబుల్ మూత కింద ఉంచుతాను. అక్టోబరు దగ్గరపడగానే పై అరలోని రికార్డులన్నింటినీ ఒక పెట్టెలో పెట్టి నడిమి గదిలోకి, బయటి గోడ తగలని చోటికి మారుస్తాను. ఆ పెట్టెలో మొదట చేరేది ఆ గోధుమరంగు గీత ఉన్న అట్టే.