యూకే ఆసుపత్రిలో డాక్టరుగా కొత్తగా చేరావా? ముందు జీపీ (ఇక్కడి ఫ్యామిలీ డాక్టర్) దగ్గర పేరు నమోదు చేయించుకో

మొన్న మా వార్డులో కొత్తగా డ్యూటీలో చేరిన కుర్రాడు హ్యాండోవర్ (డ్యూటీ మారేటప్పుడు రోగుల వివరాలు అప్పగించడం) మధ్యలో ఆగిపోయాడు. మందు పేరు గుర్తు రావట్లేదు. చేతిలో ఉన్న కాగితం మీద అతని రాతలోనే ఉంది ఆ పేరు. ఏమైందంటే "నిద్ర చాల్లేదన్నా" అన్నాడు. నేనూ నాలుగు నెలలు అందరికీ అదే చెప్పాను. నిజానికి నాది డిప్రెషన్.

ఇల్లు, బ్యాంకు ఖాతా, సిమ్ నువ్వే చూసుకుంటావు. జీపీ దగ్గర మాత్రం పేరు నమోదు చేయించుకోవు. మనమే డాక్టర్లం కదా! నేనూ అంతే. డిసెంబరులో ఇక్కడ నాలుగింటికే చీకటి. చీకట్లో డ్యూటీకెళ్లి చీకట్లోనే గదికొచ్చేవాణ్ణి. అమ్మ వీడియో కాల్ చేస్తే నెట్ బాలేదని కెమెరా ఆపేసేవాణ్ణి. ఒకరోజు రోగిని పీహెచ్‌క్యూ-9 ప్రశ్నలు (డిప్రెషన్ ఎంత ఉందో కొలిచేవి, మార్కులు పెరిగేకొద్దీ తీవ్రం) అడుగుతూ మనసులో నా జవాబులూ లెక్కేసుకున్నాను. 27కి 16. రోగికి చెప్పాల్సింది చెప్పి, నేను నైట్ డ్యూటీకి పోయాను.

ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే జీఎంసీ (ఇక్కడ డాక్టర్లకు లైసెన్సు ఇచ్చే సంస్థ) భయం. డిప్రెషన్ అని తెలిస్తే లైసెన్సు పోతుందని ఎవడు పుట్టించాడో గానీ, మనవాళ్లలో ప్రతి బ్యాచ్‌కీ అంటుతోంది. కాస్త చదవండయ్యా! వైద్యం తీసుకుంటూ, చెప్పినట్టు వింటూ, రోగులకు ప్రమాదం లేకుండా పని చేస్తున్నంత కాలం జీఎంసీకి చెప్పాల్సిన పనే లేదు. దాచి దాచి ఏదో పొరపాటు చేస్తేనే తంటా. అసలు ఇంట్లోవాళ్లు కాని జీపీ దగ్గర నమోదై ఉండమని వాళ్ల నియమాల్లోనే ఉంది. ఇంటి నుంచి తెచ్చుకున్న స్ట్రిప్‌లోంచి సొంతంగా మాత్రలు మింగడం మాత్రం వద్దు. అదీ చేశాన్లే నేను.

జీపీకి చెప్పడానికి నోరు రాకపోతే ఆక్యుపేషనల్ హెల్త్ (సిబ్బంది ఆరోగ్యం చూసే విభాగం) ఉంది, బీఎంఏ (డాక్టర్ల సంఘం) కౌన్సెలింగ్ ఉంది. చచ్చిపోదామన్న ఆలోచన వస్తే తెల్లారేదాకా ఆగకు. సమారిటన్స్ అనే హెల్ప్‌లైన్ నంబరు 116 123, రాత్రీ పగలూ ఎత్తుతారు, డబ్బు కట్టక్కర్లేదు. ప్రాణం మీదికొస్తే 999.

తగ్గుతుందా అంటే, నాకు తగ్గింది. చివరికి జీపీ రాసిన మందు మొదలెట్టాక మూడు వారాలు ఏమీ తెలియలేదు, మానేద్దామనుకున్నాను. ఆరో వారంలో అమ్మ కాల్ చేస్తే కెమెరా ఆపలేదు. "చిక్కిపోయావురా" అంది.

ఆ కుర్రాడు నిన్న జీపీ ఫారం నింపాడు. నింపేదాకా నేను పక్కనుంచి లేవలేదు.