చేయి ఊపితే బెలూన్ పగిలే ఆట: పిల్లలతో ఇంట్లోనే ఎలా చేయాలి?

తెర మీద పిల్లల బొమ్మ, దాని చుట్టూ తేలే బెలూన్, చేయి ఊపితే ఠప్! దీనికి ఖరీదైన హెడ్‌సెట్ అక్కర్లేదు. కెమెరా ఉన్న ల్యాప్‌టాప్, నెట్ ఉంటే చాలు. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్‌లో (పిల్లలు బ్లాకులు పేర్చి సొంతంగా ఆటలు తయారుచేసుకునే సైట్) ఈ ఆట ఉచితంగా చేసుకోవచ్చు. అకౌంట్ కూడా అవసరం లేదు.

1. స్క్రాచ్ సైట్‌లో క్రియేట్ నొక్కండి. ఎడమవైపు కింది మూలన ఉన్న ఎక్స్‌టెన్షన్ బటన్ నొక్కి వీడియో సెన్సింగ్ (కెమెరాలో కదలికను పసిగట్టే బ్లాకులు) ఎంచుకోండి. కెమెరాకు అనుమతి ఇవ్వగానే పిల్లల ముఖం తెర మీద మసగ్గా కనిపిస్తుంది. స్పష్టంగా కావాలంటే వీడియో ట్రాన్స్‌పరెన్సీ (పారదర్శకత) బ్లాక్‌లో 0 పెట్టి దాని మీద నొక్కండి.

2. అక్కడ ముందే ఉండే పిల్లి బొమ్మను తీసేసి బెలూన్ పెట్టండి. చిన్నపిల్లలైతే సైజు 150 చేస్తే చేతికి సులువుగా అందుతుంది.

3. బెలూన్‌కు 'వెన్ వీడియో మోషన్ > 10' బ్లాక్ పెట్టి, దాని కింద పాప్ శబ్దం, ఆ తర్వాత 'గో టు ర్యాండమ్ పొజిషన్' తగిలించండి. అంతే, ఆట సిద్ధం.

4. వెలుతురు పిల్లల ముఖం మీద పడేలా నిలబెట్టండి. వెనకాల టేబుల్ ఫ్యాన్ తిరిగినా, కర్టెన్ ఊగినా బెలూన్ తనంతట తనే పగిలిపోతుంది. ఎందుకంటే స్క్రాచ్ చేతిని గుర్తుపట్టదు, బెలూన్ ఉన్న చోట కదలిక ఉందా లేదా అనేదే చూస్తుంది.

5. ఇక పిల్లలకు వదిలేయండి. ఎలా ఆడాలో ముందే చెప్పొద్దు. అసలు సరదా ఇక్కడే ఉంది. ఫోన్ అలవాటున్న పిల్లలు చాలామంది ముందు ల్యాప్‌టాప్ తెరనే వేలితో పొడుస్తారు. పగలకపోతే గాల్లో చేయి మెల్లగా చాపి, బెలూన్ మీద అలాగే ఆనించి ఎదురుచూస్తారు. కదలని చేయి కెమెరాకు గోడతో సమానం. విసుగొచ్చి చేయి వెనక్కి లాగినప్పుడు ఠప్‌మంటుంది! కదిపితేనే పగులుతుందని వాళ్ళకే తెలిసిపోతుంది. మీరు చెప్పేస్తే ఆ మజా పోతుంది. మరీ ఏడుపు మొహం పెడితే మాత్రం, పక్కన నిలబడి మీరూ ఒకసారి ఊపండి.

6. ఆ 10 అంకెను వాళ్ళ చేతే మార్పించండి. 50 పెడితే గట్టిగా ఊపితే గాని పగలదు, 2 పెడితే బెలూన్ ఉన్న చోట కాస్త కదిలినా చాలు. గాల్లో చేతులెత్తి ఆడితే భుజాలు తొందరగా లాగేస్తాయి కాబట్టి మధ్యలో ఆపించండి. ఆటను ఫైల్ మెనూలోంచి కంప్యూటర్‌లోకి సేవ్ చేసుకుంటే రేపు అక్కడి నుంచే మొదలుపెట్టొచ్చు.