పానాల మీద ఎక్కడ ఖర్చు పెట్టాలి, ఎక్కడ ఆపాలి

మా మేనల్లుడు నల్లగొండలో ఐటీఐ డీజిల్ మెకానిక్ పూర్తి చేశాడు. యాసంగి కోతలు మొదలయ్యేలోపే హాలియాలో సొంత షెడ్డు తెరవాలని వాడి పట్టుదల. పానాలకని, అంటే నట్లు, బోల్టులు విప్పే పనిముట్లకని ఇంట్లో 20 వేలు ఇచ్చారు. అప్పట్లో ఒక రాత్రి ఫోన్ చేసి, "మామా, ఆన్‌లైన్‌లో 108 ముక్కల పెట్టె ఉంది, అన్నీ అందులోనే వస్తాయట, ఆర్డరు పెట్టనా?" అన్నాడు. వద్దురా అన్నాను. ఎందుకు వద్దో, మరి ఏం కొనాలో వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా పనిలోకి వస్తున్న పిల్లలకు పనికొస్తుంది.

నేను మిర్యాలగూడలో 22 ఏండ్లుగా ట్రాక్టర్లు, హార్వెస్టర్లు, రైస్ మిల్లులకు ధాన్యం తోలే లారీలు బాగు చేస్తున్నాను. మొదట్లో నా దగ్గర ఉన్నవన్నీ చవక పానాలే. డబ్బులు లేక కొన్నవి కాబట్టి వాటిని తప్పు పట్టను. కానీ చవక పానాతో అసలు నష్టం పానాకు కాదు, బోల్టుకు. పానా పోతే ఇంకోటి కొనుక్కుంటాం. బోల్టు తల గుండ్రమైతే ఆ రోజు పనంతా పోతుంది, రైతు దగ్గర మాట కూడా పోతుంది.

ఒక సంగతి చెప్తాను. పని నేర్చిన మూడో ఏడు, నిడమనూరు దిక్కు ఒక పాత మాస్సీ ట్రాక్టరుకు మానిఫోల్డు విప్పుతున్నాను. నట్టు తుప్పు పట్టి కదలడం లేదు. నా చేతిలో 9/16 అంగుళాల డబుల్ పానా, సెట్టులో వచ్చిన చవకది. బలంగా లాగితే పానా నోరు కొద్దిగా తెరుచుకుంది. కంటికి తెలియనంతే, గోరు మందం కూడా ఉండదు. నట్టు రెండు మూలలు నున్నగా అయిపోయాయి, నా పిడికిలి పోయి మానిఫోల్డు అంచుకు తగిలింది. కోపంలో పైపు పానా వేసి తిప్పాను, నట్టు ఎక్కే స్టడ్డు (తల లేని బోల్టు) ఇంజను హెడ్డులోకంటా విరిగింది. దానికి బెజ్జం వేసి, విరిగిన ముక్కను బయటికి తిప్పి తీసే ఈజీ అవుట్ దింపాను. అది కూడా లోపలే విరిగింది. ఈజీ అవుట్ గట్టి ఉక్కుతో చేస్తారు, మామూలు డ్రిల్లు బిట్టు దాని మీద ఎక్కదు. చివరికి వెల్డింగ్ చేసే ఆయనను బండి మీద తీసుకొచ్చి, విరిగిన మొండెం మీద ఒక నట్టు పెట్టి అతికించి, ఆ వేడి మీద మెల్లగా ఇటు అటు ఆడిస్తూ తీశాం. పొద్దున తొమ్మిదికి మొదలైన అరగంట పని రాత్రి ఎనిమిదికి తెగింది. ఆ పానాకు, మంచి పానాకు అప్పట్లో తేడా నలభై రూపాయలు.

అందుకే వాడికి మొదట చెప్పింది ఇది: నట్టును పట్టుకునే వస్తువు మీద ఖర్చు పెట్టు, మిగతా చోట చేయి బిగపట్టు.

నట్టును పట్టుకునేవాటిలో కూడా అన్ని సైజులూ ఖరీదైనవి అక్కర్లేదు. మన దిక్కు రోజూ చేతిలో ఆడేవి 10, 12, 13, 14, 17, 19 మిల్లీమీటర్లవి. ట్రాక్టర్లకు 22, 24 కలుపుకోండి. ఈ ఎనిమిది సైజుల్లో రింగు పానాలు, సాకెట్లు మంచి కంపెనీవి తీసుకుంటే చాలు. తపారియా లాంటివి ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా విడిగా దొరుకుతాయి. 9, 11, 18, 21 లాంటివి నెలకోసారి కూడా అవసరం పడవు, అవి చవకవైనా ఫరవాలేదు. పెద్ద పెట్టెతో చిక్కు ఇక్కడే. 108 ముక్కల్లో సగం చిన్న బిట్లు, అలెన్ కీలు ఉంటాయి. రోజూ వాడే ఎనిమిదింటికి మాత్రం ఆ ధరలో వచ్చే ఉక్కే వస్తుంది.

డబుల్ పానా, అంటే నోరు తెరిచి ఉండేది, నట్టును రెండు పక్కలే పట్టుకుంటుంది. బలమంతా రెండు మూలల మీదే పడుతుంది. రింగు పానా ఆరు మూలలనూ చుట్టి పట్టుకుంటుంది. కాబట్టి బిగుసుకున్న నట్టును మొదట రింగుతో కదపండి, కదిలాక డబుల్ పానాతో తిప్పి తీయండి. డబ్బులు తక్కువున్నవాళ్ళు రింగు సెట్టు మంచిది కొని, డబుల్ సెట్టు మామూలుది కొన్నా నడుస్తుంది. సాకెట్లలో ఆరు మూలలవి అడగండి. పన్నెండు మూలలవి తొందరగా కూర్చుంటాయి కానీ తుప్పు నట్టు మీద జారతాయి.

ఇంకొక సంగతి చాలామంది పట్టించుకోరు. పాత మాస్సీల్లో అంగుళాల కొలత బోల్టులు ఉంటాయి. 1/2 అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, 13 పానా ఎక్కుతుంది కానీ వదులుగా ఉంటుంది. 9/16 అంటే 14.29. దానికి 14 ఎక్కదు, 15 పెడితే మూలలు తినేస్తుంది. 3/4 మాత్రం 19.05, 19 పానా దాదాపు సరిగ్గా కూర్చుంటుంది. 5/8 కు 16 సరిపోతుంది. అంటే అంగుళాల సెట్టు మొత్తం అక్కర్లేదు. 7/16, 1/2, 9/16 ఈ మూడు రింగు పానాలు మంచివి కొని పెట్టుకుంటే, హాలియాలో తిరిగే పాత ట్రాక్టర్లకు చాలావరకు దిగులు ఉండదు.

షాపులో ఎట్లా చూడాలి? జేబులో కొత్త బోల్టులు మూడు వేసుకొని పోండి: 13, 17, 19 తలలవి. పానాను బోల్టు తల మీద పెట్టి పక్కలకు ఆడించండి. కొంచెం ఆడటం మామూలే, కానీ తల గిర్రున తిరిగేలా ఉంటే పక్కన పెట్టండి. వెలుతురుకు అడ్డం పట్టి నోటి రెండు పెదవులు సమానంగా నడుస్తున్నాయా, లోపల గరుకుగా ఉందా చూడండి. రింగు బెజ్జం మధ్యలో ఉందా, ఒక పక్క గోడ పల్చగా ఉందా చూడండి.

బరువును చూసి మోసపోవద్దు. బరువుగా ఉంటే గట్టిదని మనవాళ్ళు అనుకుంటారు. నిజానికి ఉక్కు బాగోలేనప్పుడే గోడ మందంగా పెడతారు. మంచి ఉక్కుతో చేసిన రింగు గోడ పల్చగా ఉండి కూడా బలం తట్టుకుంటుంది. అందుకే ఇంజను పక్కన ఇరుకు సందులోకి దూరుతుంది. మెరుపు పూత కూడా గుర్తు కాదు. చవక పూత ఏడాదిలో పొలుసులుగా లేచి అరచేతిని బ్లేడులా కోస్తుంది. మంచి ఉక్కు అని చెప్పడానికి "క్రోమ్ వెనేడియం" అని అచ్చు గుద్దడం ఎవరికైనా వచ్చు, పేరున్న కంపెనీకి కూడా డూప్లికేట్లు ఉన్నాయి. బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి, విరిగితే మార్చిస్తారా అని ముందే అడగండి.

రాచెట్టు, అంటే సాకెట్టును తీయకుండానే ముందుకు వెనక్కు ఊపి తిప్పే పిడి, దాని విషయంలో పళ్ళు లెక్కపెట్టండి. 24 పళ్ళదైతే ఒక పన్ను దాటడానికి 15 డిగ్రీలు చేయి ఊపాలి, 72 పళ్ళదైతే 5 డిగ్రీలు చాలు. సందు లేని చోట ఈ తేడా తెలుస్తుంది. కానీ ఎంత ఖరీదైన రాచెట్టుతోనైనా బిగిసిన బోల్టును మొదట కదపవద్దు, పిడి పొడవు పెంచడానికి పైపు అసలే వేయవద్దు. దానికి టీ హ్యాండిలు వాడండి. టీ హ్యాండిలు లోపల విరిగేది ఏమీ లేదు, చవకది తీసుకోండి.

స్క్రూడ్రైవరు చాలా చిన్న వస్తువు, కానీ జపాన్ డిజైను బైకుల ఇంజను కవరు స్క్రూలు ఎన్ని పాడయ్యాయో చెప్పలేను. ఆ ప్లస్ గాడి జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం. మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవరు పెట్టి తిప్పితే పైకి లేచి గాడిని కొరికేస్తుంది. జేఐఎస్ బిట్లు విడిగా దొరుకుతాయి, రెండో నంబరు, మూడో నంబరు మంచివి తీసుకోండి. సుత్తితో కొట్టి తిప్పే ఇంపాక్టు డ్రైవరు బాడీ మాత్రం చవకదే చాలు.

చవకగా కొనదగ్గవి చాలా ఉన్నాయి: ట్రేలు, గరాటాలు, వైరు బ్రష్షు, అయస్కాంతం కర్ర, ఆయిలు డబ్బా. హాక్సా ఫ్రేము మామూలుది చాలు, బ్లేడు మాత్రం మంచిది వేయండి. పల్చని పైపు కోస్తే అంగుళానికి 24 పళ్ళో, అంతకన్నా ఎక్కువో ఉన్న బ్లేడు వాడాలి, లేకపోతే పళ్ళు రాలతాయి. ఉలి చవకదైనా తీసుకోండి కానీ దాని తల పుట్టగొడుగులా విచ్చుకుంటే గ్రైండరు మీద తీసేయండి. ఆ అంచు ముక్కలు ఎగిరి కంట్లో పడతాయి. సుత్తిని సుత్తితో ఎప్పుడూ కొట్టకండి, కారణం అదే.

జాకీలు, స్టాండ్ల దగ్గర మాత్రం చవక ముచ్చట ఎత్తవద్దు. జాకీ ఎంత మంచిదైనా లోపల సీలు ఒక్కటి పోతే బండి కిందికి దిగుతుంది. జాకీ లేపడానికి, బండిని నిలపడానికి స్టాండు. స్టాండు లేకపోతే మందపాటి చెక్క దిమ్మలు పెట్టండి. ఇటుకలు పెట్టవద్దు, బరువుకు ఒక్కసారే పగులుతాయి. మా వాడికి ఈ మాట మూడుసార్లు చెప్పి, తిరిగి చెప్పించుకున్నాను.

బోల్టును లెక్క ప్రకారం బిగించే టార్కు రెంచి మొదటి ఏడు కొనకపోయినా ఫరవాలేదు, హెడ్డు బిగించే రోజు నా దగ్గరికి రమ్మన్నాను. కొన్నాక మాత్రం దానితో బోల్టులు విప్పకూడదు. పని అయ్యాక స్ప్రింగును అన్నింటికన్నా తక్కువ గీతకు తిప్పి పెట్టాలి. బిగువు మీద వదిలేస్తే కొన్నాళ్ళకు కొలత తప్పుతుంది.

కొత్తవి అన్నీ ఒకేచోట చూసి కొనాలంటే సికింద్రాబాద్ రాణిగంజ్ పోవచ్చు. పాతవి కావాలంటే హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్. పాత కాలపు పానాలు అక్కడ తక్కువకే వస్తాయి, వాటిలో మంచివి ఉన్నాయి. కానీ నీలం రంగు మరక ఉన్నది ముట్టవద్దు. ఎవరో గ్యాసు మీద కాల్చి వంచారని అర్థం, గట్టిదనం పోయి ఉంటుంది. నోరు గ్రైండరుతో అరగదీసినదీ వద్దు.

మొత్తానికి మా వాడు 20 వేలలో 12 వేలు దాటకుండా కొన్నాడు. మిగిలినది ముట్టవద్దన్నాను. షెడ్డు గోడ మీద సుద్దతో పానా సైజులు రాసి, పని మధ్యలో ఏది లేక పక్క షెడ్డుకు పరుగెత్తాడో దాని ఎదుట ఒక గీత పెట్టమన్నాను. మూడు గీతలు పడ్డది కొనాలి. పోయిన వారం ఫోటో పంపాడు: 27 ఎదుట నాలుగు గీతలున్నాయి, 9 ఎదుట ఒక్కటి కూడా లేదు.