వసంత వరదలో మిసిసిపీ మీద వాల్‌ఐ పట్టడం ఎలా?

ఏప్రిల్ వచ్చేసరికి ఎగువన మంచు కరిగి మిసిసిపీ గట్లు నిండా పారుతుంది. బోటు దించే ర్యాంపు దాకా వచ్చి, గోధుమరంగు నీళ్లలో మొద్దులు కొట్టుకుపోవడం చూసి వెనక్కి మళ్లేవాళ్లు చాలామంది. మామూలు మట్టంలో వాల్‌ఐ అనే ఈ చేప నది అడుగంతా చెదిరి ఉంటుంది. వరదలో నడినది వడికి నిలవలేక ఒడ్డుకు, పాయల మూతుల్లోకి, సుడుల్లోకి చేరుతుంది. అంటే మనం వెతకాల్సిన చోటు తగ్గిపోతుంది. లోతు సంగతి వదిలేసి వడి తగ్గిన చోటును వెతకండి, సగం పని అయినట్టే.

ఇక్కడ చెప్పేది మిన్నెసోటా, విస్కాన్సిన్ సరిహద్దులో పూల్ 4 గురించి. రెండు డ్యామ్‌ల మధ్య ఉండే నది భాగాన్నే పూల్ అంటారు. రెడ్ వింగ్ ఊరికి ఎగువన ఉన్న మూడో నంబరు లాక్ అండ్ డ్యామ్ (పడవలు దాటే దారి ఉన్న ఆనకట్ట) నుంచి ఆల్మా దగ్గరి నాలుగో డ్యామ్ దాకా ఉండే నది ఇది, లేక్ పెపిన్ కూడా ఇందులోదే. మినియాపొలిస్, సెయింట్ పాల్‌లో ఉండే తెలుగువాళ్లకు రెడ్ వింగ్ గంట ప్రయాణం. మిన్నెసోటా లోపలి సరస్సుల్లో వాల్‌ఐ సీజన్ కోసం మే దాకా ఆగాలి, ఈ సరిహద్దు నదిలో మాత్రం ఏడాది పొడవునా పట్టవచ్చు. రెండు రాష్ట్రాల్లో ఏ ఒక్కదాని లైసెన్సైనా చాలు. రోజుకు ఎన్ని, ఎంత పొడవువి ఉంచుకోవచ్చో ఆ ఏటి నిబంధనల పుస్తకంలో చూడండి. సరిహద్దు నీళ్ల లెక్క లోపలి సరస్సుల లెక్క కాదు.

ఇంట్లోనే చూసుకోవాల్సినవి

మొదట నీటిమట్టం. ప్రెస్కాట్, రెడ్ వింగ్ దగ్గరి గేజీల రీడింగులు నెట్‌లో దొరుకుతాయి. ఈరోజు ఎన్ని అడుగులుందన్నది ఒక్కటే చూస్తే లాభం లేదు, గత మూడు రోజుల్లో గీత ఎటు పోయిందో చూడండి. రోజుకు అడుగు చొప్పున పెరుగుతుంటే చెత్త కొట్టుకొస్తుంది, చేప మునిగిన అడవిలోకి చెదిరిపోతుంది. ఆ రోజు ఇంట్లో ఉండటమే మేలు. మట్టం రెండు మూడు రోజులు కదలకుండా ఉన్నా, రోజుకు రెండు మూడు అంగుళాలు తగ్గుతున్నా బయల్దేరండి. తగ్గుముఖం పట్టిన నీటిలో చేప లోపలి నుంచి వెనక్కి వస్తుంది, పాయల మూతుల్లో ఆగుతుంది.

తర్వాత నీటి వేడి. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ లోపు ఉంటే చేప మందకొడిగా లోతు మడుగుల్లో ఉంటుంది. 42 నుంచి 50 మధ్య గుడ్లు పెట్టే కాలం. మగవి ముందే వచ్చి ఒడ్డు పట్టి ఉంటాయి, పెద్ద ఆడవి కొద్దిరోజులే కనిపించి వెళ్లిపోతాయి. అంకె 50 దాటాక అలసిన చేప మళ్లీ మేతకు దిగుతుంది.

వరద బాగా పెరిగితే డ్యామ్ గేట్లను పూర్తిగా నీటి పైకి ఎత్తేస్తారు. అప్పుడు ఎదురెక్కే చేపకు అడ్డు ఉండదు, నేరుగా పై పూల్‌లోకి పోతుంది. కాబట్టి గేట్లు ఎత్తి ఉన్నప్పుడు డ్యామ్ కింద గుంపుగా దొరుకుతాయనుకోవద్దు. డ్యామ్‌కు ఎగువన 600 అడుగులు, దిగువన 150 అడుగులు బోట్లకు నిషేధం కూడా.

సామాను

ఆరున్నర నుంచి ఏడడుగుల మీడియం లైట్ స్పిన్నింగ్ రాడ్, 2500 సైజు రీల్. దానికి 10 పౌండ్ల అల్లిక దారం, చివర రెండు మూడడుగులు 8 పౌండ్ల ఫ్లూరోకార్బన్ లీడర్ (నీటిలో కనబడని చివరి దారం). అల్లిక దారం పసుపు రంగుదైతే మేలు. మబ్బు నీటిలో చాలా కాట్లు చేతికి తెలియకముందే దారం కదలికలో కనిపిస్తాయి.

జిగ్‌లు (తలకు బరువు పోసిన కొక్కేలు) నాలుగు బరువుల్లో ఉండాలి: ఎనిమిదో వంతు ఔన్సు (మూడున్నర గ్రాములు), పావు ఔన్సు (7 గ్రాములు), మూడెనిమిదో వంతు (పదిన్నర), అర ఔన్సు (14). ఒక్క బరువే కొని దాంతో సర్దుకుందామంటే కుదరదు. రంగుల్లో చార్ట్రూస్ (పసుపు కలిసిన లేత ఆకుపచ్చ), నారింజ చాలు, ఇంకా పది రంగులు కొన్నంత మాత్రాన చేపలు పెరగవు. జిగ్‌కు తొడగడానికి మూడు నాలుగు అంగుళాల ప్లాస్టిక్ పురుగు రింగ్‌వర్మ్, తోక ఆడే ప్లాస్టిక్ చేప ప్యాడిల్‌టెయిల్, వాటితో పాటు ఎరకు రెండు డజన్ల ఫ్యాట్‌హెడ్ మిన్నోలు (చిన్న చేపలు). నీరు చల్లగా, బాగా మబ్బుగా ఉంటే మిన్నోదే పైచేయి. వేడి 45 దాటాక ప్లాస్టిక్ చాలు.

ఎక్కడ వెతకాలి

ఆకునో నురుగునో గమనించండి. అది మనిషి నడక కంటే నెమ్మదిగా కదులుతున్న చోటే మీది. దాని పక్కనే వడి నీరు ఉంటే మరీ మంచిది. రెండు వడులు రాసుకునే చోట నీటి మీద సన్నని నురుగు గీత కనబడుతుంది. చేప నెమ్మది వైపు నిలబడి, వడి మోసుకొచ్చే మేతను అందుకుంటుంది. సుడులన్నీ ఒకటి కావు. అడుగు నుంచి నీరు పొంగి, మొద్దులు గిరగిరా తిరిగే సుడిలో చేప నిలవదు. ఒడ్డు వెంట మెల్లగా ఎగువకు పారే సుడిలో నిలుస్తుంది.

విల్లో చెట్లు మునిగిన ఒడ్డు చూడండి. అసలు గట్టు అంచు ఇప్పుడు మూడు నాలుగు అడుగుల నీటి కింద ఉంటుంది, ఆ అంచు వెంటే చేప. ఇంత తక్కువ లోతా అని చాలామంది నమ్మరు. మబ్బు నీటిలో వెలుతురు లోపలికి దిగదు, వాల్‌ఐ కంటికి అదే అనుకూలం. అందుకే పట్టపగలు కూడా మూడడుగుల్లో ఉంటుంది. పూల్స్ వెనకనున్న చిత్తడుల్లో మునిగిన కానరీ గడ్డి మీద ఇవి గుడ్లు పెడతాయి. ఆ చిత్తడికి నదికి మధ్య నీరు వచ్చిపోయే సన్న కాలువ దొరికితే వదలకండి.

వింగ్ డ్యామ్‌లు నదిలోకి అడ్డంగా వేసిన రాతి గట్లు. గోదావరి ఒడ్డున గ్రోయిన్లు చూసినవాళ్లకు వీటి సంగతి చెప్పనక్కర్లేదు. వేసవిలో చేప వీటి ఎగువ ముఖాన ఉంటుంది. వరదలో వాటి మీద వడి తట్టుకోలేనంత ఉంటుంది కాబట్టి, గట్టు ఒడ్డును తాకే మూలలో దిగువ వైపు మాత్రమే వెతకండి.

నీరు మరీ మురికైతే జిగ్‌ను పక్కన ముంచి చూడండి. అరడుగు లోపే నారింజ రంగు మాయమైతే చోటు మార్చాలి. మిన్నెసోటా నది బురద తెస్తుంది, సెయింట్ క్రోయ్ తేటగా వస్తుంది. అది కలిసే ప్రెస్కాట్ కింద కొంత దూరం విస్కాన్సిన్ వైపు నీరు తేటగా ఉంటుంది. అది పూల్ 3 అయినా అక్కడికి పోవడమే తెలివి.

జిగ్ వేసే తీరు

1. బోటును నెమ్మది నీటిలోనే ట్రోలింగ్ మోటారుతో (చిన్న కరెంటు మోటారు), ముక్కు ఎగువకు ఉండేట్టు నిలపండి.

2. పావు ఔన్సుతో మొదలుపెట్టండి. కొంచెం ఎగువకు, ఒడ్డు వైపు విసిరి, దారం బిగువుగా ఉంచి జిగ్‌ను అడుగుకు దిగనివ్వండి. తగిలిన టిక్కు చేతికి తెలియాలి. తెలియకపోతే ఒక మెట్టు బరువు పెంచండి. ప్రతిసారీ రాళ్లలో ఇరుక్కుంటే ఒక మెట్టు తగ్గించండి. చోటు మారినప్పుడల్లా ఈ పరీక్ష చేయాల్సిందే. ఖాళీ చేతులతో వచ్చేవాళ్లలో ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. జిగ్ అడుగుకు రెండడుగుల పైన తేలిపోతుంటుంది, వాళ్లు రంగులు మారుస్తుంటారు.

3. రాడ్ కొనను ఆరంగుళాలు లేపి, దారం వదులు కాకుండా దించండి. జిగ్ వడికి దొర్లుతూ దిగువకు అర్ధచంద్రంగా తిరిగి వస్తుంది. లేపడం ఎక్కువైతే చేప అందుకోలేదు.

4. ఈ చల్లటి నీటిలో కాటు గట్టిగా ఉండదు. బరువు కాస్త పెరిగినట్టో, ఉన్న బరువు మాయమైనట్టో ఉంటుంది. రెండిటికీ వెంటనే కొక్కెం బిగించండి.

5. కొరికి, తోక తెంపుకుని పోతుంటే వెనక స్టింగర్ అనే అదనపు చిన్న కొక్కెం కట్టండి. చేప లేకుండా పదిహేను నిమిషాలు గడిస్తే కదలండి. ఒకటి దొరికితే మాత్రం అక్కడే పాతుకుపోండి, వరదలో ఇవి ఒంటరిగా ఉండవు.

మిన్నోను జిగ్‌కు పెట్టేటప్పుడు నోట్లోంచి పోనిచ్చి మొప్పలోంచి తీసి, మళ్లీ ఒంట్లోకి గుచ్చండి. పెదవికి మాత్రమే గుచ్చితే రెండు విసుర్లకే ఊడిపోతుంది.

వడి కాస్త ఎక్కువున్న అంచు వెంట మూడు కళ్ల స్వివెల్ (మూడు దారాలు కట్టే, తిరిగే కడియం) కట్టు పనికొస్తుంది. కింది దారం ఒకటిన్నర అడుగు, దానికి రెండు మూడు ఔన్సుల సీసం. వెనక దారం నాలుగడుగులు, దానికి తేలే ప్లగ్ (చేప ఆకారపు కృత్రిమ ఎర). సీసం దారం లీడర్ కంటే బలహీనంగా, 6 పౌండ్లది కట్టండి. రాళ్లలో ఇరుక్కుంటే సీసం ఒక్కటే పోతుంది. బోటును గంటకు మైలుకు మించకుండా ఎగువకు పాకించండి.

ప్రాణం మీదకు తెచ్చుకోవద్దు

నలభై డిగ్రీల ఫారెన్‌హీట్ నీటిలో పడితే మొదట పోయేది ఊపిరి మీద పట్టు. లైఫ్ జాకెట్ సీటు కింద కాదు, ఒంటి మీద ఉండాలి. లంగరు ఎప్పుడూ ముక్కుకే, వెనక కడితే వడికి బోటు మునుగుతుంది. తాడు తెంపే కత్తి చేతికందే చోట పెట్టుకోండి, కొట్టుకొచ్చే చెట్టు తాడుకు తగిలితే ఆలోచించే వ్యవధి ఉండదు. బార్జీలను తోసే టో బోటు మీకోసం ఆగలేదు. అది దాటేటప్పుడు ఒడ్డు నీళ్లు ముందు వెనక్కి లాగి, తర్వాత ఒక్కసారిగా ఎగదన్నుతాయి. లోతు లేని చోట ఉంటే ముందే బయటికి రండి. నీరు వేగంగా తగ్గుతున్న రోజు చిత్తడి కాలువల్లోకి దూరితే సాయంత్రం బోటు బురద మీద ఉంటుంది.

చేప చేతికొచ్చాక

ఇక్కడే సాగర్ అనే దగ్గరి చేప కూడా పడుతుంది. తోక కింది కొన తెల్లగా ఉంటే వాల్‌ఐ. మొదటి వీపు రెక్క మీద వరుసగా చుక్కలుంటే సాగర్. ఈ కాలంలో పొట్ట నిండుగా ఉన్న పెద్ద చేప దాదాపు ఆడదే, కొలిచి వెంటనే వదలండి. కూరకు పదిహేను నుంచి పద్దెనిమిది అంగుళాల మగవే బాగుంటాయి. పిల్లలు, గర్భిణులు ఎన్నిసార్లు తినవచ్చో రాష్ట్ర ఆరోగ్య శాఖ పట్టికలో ఈ నదికి విడిగా ఉంటుంది, అది చూసుకోండి.

ర్యాంపు ఎక్కాక బోటు అడుగున నీళ్లు వదిలే బిరడా, డ్రెయిన్ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదలండి, కలుపు మొక్కలు దులపండి. ఆ బిరడా పెట్టుకుని రోడ్డెక్కితే మిన్నెసోటాలో జరిమానా పడుతుంది. మిగిలిన మిన్నోలను ఇంటికి తీసుకెళ్లాలంటే నది నీరు పారబోసి, వెంట తెచ్చిన కుళాయి నీరో సీసా నీరో పోయాలి. ఆ క్యాను పొద్దున బయల్దేరేటప్పుడే కారులో పెట్టుకోండి.