ఐఈఎల్‌టీఎస్ స్పీకింగ్, రైటింగ్: గడియారం ముందు పెట్టుకుని సాధన

విదేశాల్లో చదువుకో, ఉద్యోగానికో వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్. అందులో లిసనింగ్, రీడింగ్‌లలో మంచి బ్యాండ్ (స్కోరు) తెచ్చుకుని స్పీకింగ్, రైటింగ్‌లలో ఆగిపోయేవాళ్లు వెంటనే ఇంకో పదాల జాబితా బట్టీ పడతారు. కానీ చాలాసార్లు లోటు పదాల్లో ఉండదు. టైము పెట్టుకుని మాట్లాడి, రాసి, సొంత తప్పును తామే పట్టుకునే అలవాటు లేకపోవడమే అసలు లోటు.

స్పీకింగ్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. మొదటి భాగం 4-5 నిమిషాలు, మీ గురించిన మామూలు ప్రశ్నలు. ఒక్క ముక్కలో తేల్చేయొద్దు, ఉపన్యాసమూ వద్దు. జవాబు, దాని వెంట ఒక కారణమో ఉదాహరణో, అంతే.

తడబాటంతా రెండో భాగంలోనే. విషయం, దాని మీద ప్రశ్నలు రాసిన కార్డు ఇస్తారు, ఆలోచించుకోవడానికి ఒక నిమిషం, మాట్లాడటానికి ఒకటి నుంచి రెండు నిమిషాలు. ‘మీరు నేర్చుకున్న ఒక నైపుణ్యం’ వచ్చిందనుకుందాం. ఆ నిమిషంలో వాక్యాలు రాయబోతే రెండోదానికే టైము అయిపోతుంది. ‘ఈత, నీళ్లంటే భయం, మూడు వారాలు, ఊపిరి, ఇక ముందు’ ఇలా ఐదారు మాటలు చాలు. కార్డు మీది ప్రశ్నలకు తలా ఒక వాక్యం చెప్పేస్తే నిమిషంలోపే సరుకు అయిపోతుంది. అందుకే ‘నేర్చుకోకముందు ఎలా ఉండేది, ఇప్పుడెలా ఉంది, ఇక ముందు ఏం చేస్తాను’ అనే మూడు మెట్లు పెట్టుకోండి. మాట సాగుతుంది, మూడు కాలాల క్రియలూ వాటంతటవే వచ్చి వ్యాకరణం మార్కుకు పనికొస్తాయి. రెండు నిమిషాలకు ఎగ్జామినర్ ఆపేస్తే కంగారు పడొద్దు, అది తప్పు కింద లెక్క కాదు.

మూడో భాగం అదే విషయం మీద చర్చ. ‘నేను’ దగ్గరే ఉండిపోకుండా జనం, సమాజం వైపు జరగాలి.

సాధనకు ఫోన్ చాలు. రెండు నిమిషాలు రికార్డు చేసి, విన్నది విన్నట్టు కాగితం మీద పెట్టండి. చిరాకు పని, కానీ దీనంత ఫలితమిచ్చేది మరోటి లేదు. ఎగిరిపోయిన ‘ఎ’, ‘ది’లు, మధ్యలో మారిపోయిన కాలం, పదే పదే వచ్చిన ‘అండ్’ కళ్లకు కనిపిస్తాయి. వాటిని గీత గీసి, అదే విషయం ఆ రోజే మళ్లీ మాట్లాడండి.

మన యాసకు మార్కులు పోవు, మాట అర్థం కాకపోతే పోతాయి. తెలుగు అలవాటు కొద్దీ ‘బస్’ను ‘బస్సు’ అంటాం. ‘వర్క్‌డ్’ చివరి శబ్దం మింగేస్తే విన్నవాళ్లకు అది ఉచ్చారణ తప్పులా కాదు, కాలం తప్పులా వినపడుతుంది.

రైటింగ్‌కు 60 నిమిషాలు. టాస్క్ 1 కనీసం 150 పదాలు, టాస్క్ 2 కనీసం 250. రెండోదానికి రెట్టింపు విలువ కాబట్టి 20, 40 నిమిషాలుగా పంచుకోండి. అకడమిక్‌లో (పై చదువుల కోసం రాసే రకం) గ్రాఫో పట్టికో ఇస్తే అన్ని అంకెలూ ఏకరువు పెట్టొద్దు. పెద్ద మార్పేమిటో రెండు వాక్యాల్లో ముందే చెప్పాలి. ‘రోజ్ టు 60’ అంటే 60కి చేరింది, ‘రోజ్ బై 60’ అంటే 60 పెరిగింది. ఈ చిన్న మాట తప్పితే సమాచారమే తప్పవుతుంది. జనరల్‌లో (ఉద్యోగం, వలస కోసం రాసే రకం) ఉత్తరం వస్తుంది. అడిగిన మూడు అంశాల్లో ఒక్కటీ వదలొద్దు.

టాస్క్ 2లో ఐదు నిమిషాలు ప్రశ్న చదవడానికీ, ప్లానుకే. ‘ఇంటి నుంచి పని ఉద్యోగులకు మేలు, సంస్థలకు నష్టం. ఎంతవరకు అంగీకరిస్తారు?’ అని ఉంటే చాలామంది ఇంటి నుంచి పనిచేయడంలో లాభనష్టాలు రాసి వస్తారు. అడిగింది అది కాదు. ఉద్యోగి ఒక పక్క, సంస్థ ఒక పక్క, రెండింటి మీదా మీ తీర్పు కావాలి. ఒక పేరా ఉద్యోగికి, ఒకటి సంస్థకు, ఎంతవరకు ఒప్పుకుంటున్నారో మొదటి పేరాలోనే. ప్రతి పేరాలో అసలు మాట మొదటి వాక్యంలో ఉండాలి. కారణాలన్నీ చెప్పి చివర్లో విషయానికి రావడం ఇక్కడ చెల్లదు. ప్రశ్నలోని వాక్యాన్ని ఎత్తి రాస్తే ఆ పదాలకు మార్కు రాదు, బట్టీ పట్టిన ఎత్తుగడలను ఎగ్జామినర్లు ఇట్టే పట్టేస్తారు.

చివరి ఐదు నిమిషాలు దిద్దుబాటుకు. ‘డిస్కస్ అబౌట్’, ‘రిటర్న్ బ్యాక్’, ‘ఇన్ఫర్మేషన్స్’, ‘ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్’ లాంటి తప్పులు వెతకండి. వారానికి మూడు వ్యాసాలు రాస్తే చాలు, కానీ దిద్దిన ప్రతిదాన్నీ మళ్లీ మొదటి నుంచి రాయాలి. కొత్తవి పది రాసినా పాత తప్పులే పదిసార్లు రాస్తారు.

కంప్యూటర్ పరీక్షలో పదాల లెక్క తెర మీదే కనిపిస్తుంది, స్పెల్లింగ్ మాత్రం అది దిద్దదు. కాగితం మీద రాసేవాళ్లు తమ చేతిరాతలో వరుసకు ఎన్ని పదాలు పడతాయో ఇంట్లోనే లెక్కపెట్టుకోవాలి. వరుసకు పది పడితే 250కి 25 వరుసలు. పరీక్షలో కూర్చుని ఒక్కో పదం లెక్కపెట్టే పని తప్పుతుంది.