వెనక నుంచి గుద్దారా? బంపర్ విప్పించకుండా సంతకం పెట్టకండి

వెనక నుంచి దెబ్బ తిన్న కార్లు మా డెంటింగ్ షెడ్డుకి వానాకాలంలో ఎక్కువగా వస్తాయి. ఆ దెబ్బ తగిలింది వానల్లో కాదు, అంతకుముందు ఎండాకాలంలో. క్లెయిమ్ అయిపోయింది, బంపర్ మారింది, రంగు కలిసింది, ఓనరు సంతకం పెట్టి బండి తీసుకెళ్లిపోయాడు. జూలైలో డిక్కీ తెరిస్తే ముక్కిన వాసన.

ఫోటోలు తీయడం, అవతలి బండి నంబరు రాసుకోవడం, కంపెనీకి ఫోన్ చేయడం అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఎవరూ చేయనిదల్లా ఒక్కటే: డిక్కీ మ్యాట్ ఎత్తి చూడటం. కింద ఏ సమస్య దగ్గర మొదలుపెట్టినా చివరికి అక్కడికే వస్తాం.

సమస్య: గుద్దినాయన "డబ్బులిచ్చేస్తా, క్లెయిమ్ వద్దు" అంటున్నాడు

ఆయనకి ఇన్సూరెన్స్ అయిపోయి ఉండొచ్చు, లేదా గొడవ అక్కడితో తెగిపోతే చాలనుకుని ఉండొచ్చు. ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే పాలసీ గడువు కనిపిస్తుంది, అక్కడే చూసుకోండి.

చట్టం ప్రకారం మీ బండికైన నష్టాన్ని ఆయన థర్డ్ పార్టీ పాలసీ భరించాలి. ప్రైవేటు కార్లకు ఆస్తి నష్టం కింద 7.5 లక్షల దాకా కవర్ ఉంటుంది. కానీ దానికి 1988 మోటారు వాహనాల చట్టం కింద ఉన్న ట్రిబ్యునల్‌కి వెళ్లాలి, 2019 సవరణ దానికి ఆరు నెలల గడువు కూడా పెట్టింది. ఒక బంపర్ కోసం కోర్టు మెట్లెక్కేవాళ్లని నేనైతే చూడలేదు. అందుకే ఆచరణలో మిగిలేవి రెండే దారులు: మీ సొంత పాలసీ, లేదా ఆయనిచ్చే డబ్బు.

డబ్బు తీసుకోవడం తప్పేమీ కాదు. రోడ్డు మీద నిలబడి ఐదు వేలు జేబులో వేసుకుని, "ఇక నాకే అభ్యంతరం లేదు" అని కాగితం రాసివ్వడమే తప్పు. బంపర్ విప్పాక ఎంతవుతుందో చెప్తానని ఫోన్ నంబరు తీసుకోండి. డబ్బు తీసుకుని మళ్లీ సొంత పాలసీలో క్లెయిమ్ వేస్తే పేచీ వస్తుంది. మీకు చెల్లించాక అవతలివాళ్ల దగ్గర రాబట్టుకునే హక్కు మీ కంపెనీది, దాన్ని మీరు ముందే తెంపేసినట్టవుతుంది.

సమస్య: క్లెయిమ్ వేయాలా, చేతి డబ్బు పెట్టాలా తేలట్లేదు

ఇది లెక్క, టెన్షన్ పడాల్సిన విషయం కాదు. ఎన్‌సీబీ, అంటే క్లెయిమ్ వేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు (నో క్లెయిమ్ బోనస్), మొదటి ఏడాది తర్వాత 20 శాతం, ఆపైన 25, 35, 45, 50. ఒక్క క్లెయిమ్‌తో మళ్లీ సున్నా. తగ్గింపు లేకుండా మీ ఓన్ డ్యామేజ్ ప్రీమియం (మీ బండి నష్టానికి కట్టే భాగం) 12,000 అనుకోండి, మీరు 50 శాతంలో ఉన్నారు. క్లెయిమ్ వేశాక రెన్యువల్‌లో పోయేది 6,000. ఆ పై ఏడాది 3,600, తర్వాత 3,000, 1,800, 600. ప్రీమియం మారదనుకుంటే మొత్తం 15,000. దీనికి తప్పనిసరి మినహాయింపు, అంటే ప్రతి క్లెయిమ్‌లో మీరే పెట్టుకోవాల్సింది, కలపండి: 1500 సీసీ లోపు బండికి 1,000, ఆపైన 2,000. బిల్లు 12 వేలైతే క్లెయిమ్ దండగ, 40 వేలైతే వేయాల్సిందే. ఎన్‌సీబీ ప్రొటెక్ట్ యాడ్ఆన్ (అదనంగా కొనే కవర్) ఉంటే ఈ 15,000 లెక్క అక్కర్లేదు.

అయితే ఆ బిల్లు 12 వేలో 40 వేలో బంపర్ విప్పకుండా ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పలేను.

సమస్య: ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా సగం బిల్లు చేతి నుంచి పడింది

బంపర్ ప్లాస్టిక్. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకు బండి కొత్తదైనా పాతదైనా 50 శాతం తరుగు. ఇనుప భాగాలకు వయసును బట్టి ఉంటుంది: ఆర్నెల్ల లోపు ఏమీ లేదు, ఐదేళ్లు దాటితే 40, పదేళ్లు దాటితే 50 శాతం. పెయింట్ బిల్లులో నాలుగో వంతు మెటీరియల్ కింద లెక్కగట్టి, అందులో సగం కోస్తారు. జీరో డెప్, అంటే జనం బంపర్ టు బంపర్ అనేది, ఉంటే ఈ కోత ఉండదు. అది ఉన్నా క్లిప్పులు, నట్లు, బోల్టులు మీ ఖాతాలోనే పడతాయి, వాటికి కన్స్యూమబుల్స్ యాడ్ఆన్ వేరే. క్లెయిమ్ పడ్డాక యాడ్ఆన్ గురించి గింజుకుంటే లాభం లేదు, రెన్యువల్ అప్పుడు చూసుకోండి.

సమస్య: డిక్కీలో తడి, స్టెప్నీ గుంటలో నీళ్లు, వెనక సీట్లో పొగ వాసన, గతుకుల్లో డిక్కీ డోరు టకటక

అసలు కథ ఇది. వీటితో వచ్చేవాళ్లు ముందు డిక్కీ రబ్బరు మార్పించి వస్తారు. రబ్బరు మారుతుంది, నీళ్లు మళ్లీ వస్తాయి. లాక్ సర్దిస్తారు, నాలుగు రోజులకి టకటక మళ్లీ మొదలు. రబ్బరు తప్పేం లేదు, రబ్బరు ఆనే రేకే జరిగిపోయింది.

బంపర్ అని మనం చూసేది పైన ఉండే ప్లాస్టిక్ తొడుగు. గుద్దినప్పుడు లోపలికి పోయి, వదలగానే మళ్లీ తన్నుకొచ్చేస్తుంది. మీద రెండు గీతలు తప్ప ఏమీ కనపడదు. మరి ఆ దెబ్బంతా ఎక్కడికి పోయినట్టు? వెనక బీమ్‌కి, దాన్ని పట్టుకున్న బ్రాకెట్లకి, బ్యాక్ ప్యానెల్‌కి, అక్కడి నుంచి డిక్కీ ఫ్లోర్‌కి. కొన్ని మోడళ్లలో బంపర్ వెనక ఇనుప బీమ్ ఉండదు కూడా, దెబ్బ నేరుగా ప్యానెల్ మీదే పడుతుంది. ప్యానెల్ కాస్త లోపలికి వంగినా చాలు, రెండు రేకులు కలిసేచోట ఫ్యాక్టరీలో పూసిన సీలర్ పగులుతుంది. వెంట్రుకవాసి పగులు. వానాకాలం మొత్తం నీళ్లు రావడానికి అది సరిపోతుంది.

ఇంకొకటుంది, చాలామంది డెంటర్లకు కూడా తట్టదు. చాలా కార్లలో బంపర్ మూల వెనక రబ్బరు రెక్కలున్న ప్లాస్టిక్ గాలి కిటికీ ఉంటుంది. డోరు వేసినప్పుడు లోపలి గాలి బయటికి పోయేది అందులోంచే. గుద్దుడుకి అది క్లిప్పుల నుంచి ఊడి వేలాడుతుంటుంది. పైన కొత్త బంపర్ తొడిగేస్తే ఇక ఎవరికీ కనపడదు. దుమ్ము, నీళ్లు, సైలెన్సర్ పొగ ఆ కంతలోంచి లోపలికి వస్తాయి. పొగ వాసన అంటే ముందు ఇది చూడండి. అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, సెంటు డబ్బా పెట్టి సర్దుకునే వ్యవహారం కాదు.

మరి క్లెయిమ్‌లో ఇదంతా ఎందుకు రాలేదు? ఎందుకంటే ఎస్టిమేట్ కంటి చూపుతో రాశారు: బంపర్, పెయింట్, లేబర్. చిన్న క్లెయిములకు ఇప్పుడు సర్వేయర్, అంటే కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టేవాడు, షెడ్డుకి వచ్చే పని కూడా లేదు, ఫోటోలూ వీడియోతో అయిపోతోంది. బయట తీసిన ఫోటోలో బయటిదే కనపడుతుంది, ఎస్టిమేట్‌లో ఉన్నదానికే అప్రూవల్ వస్తుంది. షెడ్డులో మీతో మాట్లాడే అడ్వైజర్‌కి సాయంత్రంలోపు బండి డెలివరీ ఇచ్చేయాలన్న తొందర, మీకు క్యాబ్ ఖర్చు బాధ. వంగిన ప్యానెల్ మీద కొత్త బంపర్ సరిగ్గా కూర్చోకపోతే కంతలు కాస్త సాగదీసి బిగించేస్తారు. పని నచ్చిందని మీరు సంతకం చేస్తారు. రెండు నెలల తర్వాత చూపిస్తే పగిలిన రంగు కింద తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు చూశాడంటే సర్వేయర్ రాసే మాట ఒక్కటే: "పాత డ్యామేజీ". అక్కడితో మీ నోరు మూతపడుతుంది.

కాబట్టి గుద్దిన రోజే, ఇంటికొచ్చాక, ఇలా చూడండి. డిక్కీ మ్యాట్ ఎత్తి స్టెప్నీ బయటికి తీయండి. టార్చి వేసి గుంట అంచులు, ప్యానెల్ కలిసే గీత వెంట చూడండి. రంగు చిట్లిందా, రేకు అలలు తేలిందా, సీలర్ గీత ఎక్కడైనా తెగిందా? డిక్కీ డోరుకి రెండు పక్కలా సందులో వేలు పెట్టి పోల్చండి, ఒకవైపు వెడల్పు ఎక్కువుంటే రేకు జరిగినట్టే. రబ్బరుకీ డోరుకీ మధ్య నోటు కాగితం పెట్టి మూసి లాగండి, బిగువు లేకుండా జారిందంటే అక్కడ ఆనట్లేదు. తేదీ, సమయం పడేలా ఫోటోలు తీసుకోండి. కొత్త పగులు కింద ఇనుము మెరుస్తుంటుంది, ఆ మెరుపే మీ సాక్ష్యం.

షెడ్డుకి వెళ్లాక మొదటి ఎస్టిమేట్‌లోనే "విప్పిన తర్వాత బయటపడేవి అదనం" అని రాయించండి. ముందు బయటి ఫోటోలు, సర్వేయర్ సరే అన్నాక బంపర్ విప్పడం, ఆ తర్వాత లోపలి ఫోటోలు, సప్లిమెంటరీ (అదనపు) ఎస్టిమేట్, మళ్లీ చూడమని అడగడం. ఈ వరస తప్పకూడదు. విప్పిన పాత భాగాలు సర్వేయర్ చూసేదాకా పారేయనివ్వకండి. ఇది మీరు అడుక్కునే సాయం కాదు, రోజూ జరిగే పద్ధతే. ఎవరూ అడగరు కాబట్టి జరగదు, అంతే.

రిపేరులో ముందు ప్యానెల్ లాగి కొలతకి తేవాలి, తర్వాతే బంపర్. అతుకుల మీద పీయూ (పాలీయూరిథేన్) సీలెంట్, దాని మీద ప్రైమరు, రంగు. బాత్రూమ్‌కి వాడే సిలికాన్ ట్యూబు పట్టుకుని వస్తే ఆపేయండి, ఆ పుల్లటి వాసన వచ్చే రకం ఇనుముని తినేస్తుంది. మ్యాట్ వేయకముందే ఫోటో అడగండి. డెలివరీకి ముందు అతుకుల మీద పౌడరు చల్లి, పైపుతో మెల్లగా నీళ్లు పోయించండి. ఎక్కడ కారినా పౌడరు మీద చార కనపడుతుంది. సంతకం ఆ తర్వాత.

ఇప్పటికే సంతకం అయిపోయిందా? ఫోన్లు మానేసి ఈ రోజే మెయిల్ పెట్టండి: క్లెయిమ్ నంబరు, అప్పటి ఫోటోలు, ఇప్పటివి, మళ్లీ ఇన్‌స్పెక్షన్ కావాలన్న మాట. షెడ్డుకి కూడా విడిగా రాయండి, చేసిన పనికి వారంటీ ఇచ్చి ఉంటే అది వాళ్ల మీదే. ఇవేవీ వద్దని కొత్త యాక్సిడెంట్ అంటూ కథ అల్లి రెండో క్లెయిమ్ వేయమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వినకండి, అది మోసం కిందికి వస్తుంది.

సమస్య: వెనక ఏమీ లేకపోయినా పార్కింగ్ సెన్సార్ కూత పెడుతోంది

సెన్సార్ మీద రంగు మందంగా కొట్టారు, లేదా హోల్డర్ వంకరగా అంటించారు. తీయించి సరిగ్గా పెట్టిస్తే పోతుంది. బ్లైండ్ స్పాట్ రాడార్ ఉన్న బండైతే బంపర్‌కి పుట్టీ పెట్టి సరిచేయడం వద్దు. రాడార్ ముందు పుట్టీ ఉంటే అది సరిగ్గా చూడలేదు. కొత్త బంపర్, ఆపైన కాలిబ్రేషన్, రెండూ ఎస్టిమేట్‌లో ఉండాలి.

సమస్య: వెనకవాడు గుద్దితే నేను ముందు బండిని గుద్దాను

ఇంటిమేషన్‌లో, అంటే కంపెనీకి ప్రమాదం గురించి చెప్పేటప్పుడు, ముందు, వెనక రెండు దెబ్బలూ ఒకే ఘటన అని మొదటి మాటలోనే చెప్పండి. వెనకది మాత్రమే చెప్పి ముందుది తర్వాత గుర్తు చేసుకుంటే రెండో క్లెయిమ్ అంటారు, మినహాయింపు రెండుసార్లు పడుతుంది.

ఇక మిగతావి. వెనక యాక్సిల్ వంగడం, పెట్రోల్ ట్యాంక్ దెబ్బతినడం అరుదు, అంత గట్టిగా తగిలితే మీకే తెలుస్తుంది. బండి రోడ్డు మీద కాస్త పక్కవాటుగా పోతున్నట్టుంటే అలైన్‌మెంట్ మిషన్ మీద ఒకసారి పెట్టించండి, చాలు. సీఎన్‌జీ సిలిండర్ డిక్కీలో ఉంటే మాత్రం బ్రాకెట్లు, వాల్వు చూపించకుండా గ్యాస్ నింపకండి. బయట పెట్టించిన కిట్ అయితే పాలసీలో ఎండార్స్ (నమోదు) అయిందో లేదో కూడా చూసుకోండి, క్లెయిమ్‌లో మొదట పట్టుకునేది దాన్నే.

సమస్య: ఆలస్యంగా చెప్పారనో, పాత డ్యామేజీ అనో కంపెనీ కొట్టేసింది

ఆలస్యం ఒక్కటే కారణంగా నిజమైన క్లెయిముల్ని తిరస్కరించొద్దని బీమా కంపెనీల మీద నియంత్రణ ఉన్న ఐఆర్‌డీఏ 2011లోనే సర్క్యులర్ ఇచ్చింది, మెయిల్‌లో ఆ మాట రాయండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఐఆర్‌డీఏ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో, లేదా 155255కి ఫోన్ చేసి నమోదు చేయొచ్చు. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బీమా తగాదాలు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్లండి, ఏడాదిలోపు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ ఆఫీసు హైదరాబాద్‌లోనే ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. తిరస్కరించిన లెటరు, సర్వే రిపోర్టు, తేదీ ఉన్న ఆ స్టెప్నీ గుంట ఫోటోలు జత చేయండి.