బండి ఇన్సూరెన్స్ కట్టేముందు ఆ ఒక్క లైను చూడండి
విజయవాడ బెంజ్ సర్కిల్‌లో పోలీసులు ఆపాక ఫోన్‌లో పాలసీ వెతుక్కుంటూ టెన్షన్ పడే బదులు, ఈ రాత్రే ఎంపరివాహన్ యాప్ తెరిచి బండి నంబరు కొట్టి గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకోండి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరి. లేకపోతే మొదటిసారి 2,000 జరిమానా, మళ్లీ దొరికితే 4,000, జైలు కూడా పడొచ్చు.

కానీ అది మన బండి ఎవరినైనా గుద్దితే వాళ్లకిచ్చే పరిహారమే, మన బంపరు సొట్టకు పైసా రాదు, దానికి ఓన్ డ్యామేజ్ విడిగా కట్టాలి.

ప్రీమియం తగ్గుతుందని చాలామంది తీసేయించేది ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్. వేరే పాలసీలో అంత కవర్ ఉంటే తప్ప దయచేసి ఆ పని చేయకండి, యజమానే నడుపుతూ ప్రమాదంలో చనిపోతే ఇంట్లోవాళ్లకు 15 లక్షలు వచ్చేది దాని నుంచే. పాలసీ కాగితంలో ఆ కవర్ పేరున్న లైను పక్కన సున్నా ఉందేమో, నామినీ పేరు సరిగ్గా పడిందో లేదో వేలు పెట్టి చదవండి. ఆ డబ్బు రావాలంటే లైసెన్సు గడువు కూడా దాటకూడదు.